కొండ మీద ఆల్చిప్పలు

యూఏఈలో శనివారం పొద్దున్నే అల్ ఐన్ బయలుదేరే తెలుగు కుటుంబాలు చాలా ఉంటాయి. పులిహోర డబ్బాలో సర్దుకుని, జెబెల్ హఫీత్ ఎక్కి, పైన ఫొటోలు దిగి, కింద గ్రీన్ ముబజ్జరా వేడినీళ్లలో కాసేపు కాళ్లు పెట్టుకుని, చీకటి పడేసరికి ఇల్లు చేరతారు. ఎప్పుడో ఒకసారి ఆ ఘాట్ రోడ్డు మలుపులో కారు ఆపినప్పుడు వెనక సీట్లోంచి దిగిన పిల్ల తెల్లరాతిలో ఆల్చిప్పలాంటిదాన్ని, దాని పక్కనే చిన్న నాణెంలాంటిదాన్ని చూస్తుంది. "నాన్నా, రాయిలో గవ్వలున్నాయి. ఇంత ఎత్తుకి సముద్రం ఎలా వచ్చింది?" అని అడుగుతుంది. "ఎండ మండిపోతోంది, కారెక్కమ్మా" అన్న జవాబే ఎక్కువసార్లు వస్తుంది.

ఈ అధ్యాయం ఆ ప్రశ్న అడిగిన పిల్లల కోసం రాస్తున్నాను. వాళ్ల అమ్మానాన్నలు పక్కన కూర్చుని చదివితే ఇంకా సంతోషిస్తాను.

ఆ ప్రశ్నకు జవాబుంది. సముద్రం కొండెక్కలేదు, సముద్రపు అడుగే కొండయింది. మూడు నాలుగు కోట్ల ఏళ్ల కిందట అక్కడ లోతు తక్కువ, వెచ్చటి సముద్రం ఉండేది. ఆ నాణెంలాంటి శిలాజం పేరు నమ్యులైట్, ఒకే ఒక్క కణంతో బతికిన జీవి కట్టుకున్న గుల్ల. ఈజిప్టు పిరమిడ్ల సున్నపురాతిలోనూ ఇవే కనిపిస్తాయి. తర్వాత అరేబియా ఫలకం ఆసియా వైపు ఒత్తుకుంటూ పోయింది. ఆ ఒత్తిడికి ఈ పొరలు, తివాచీని రెండు వైపుల నుంచి నెట్టినట్టు, పైకి మడతపడ్డాయి. ఆ మడతే ఇవాళ సుమారు 1,240 మీటర్ల జెబెల్ హఫీత్.

నేను ఆంధ్రా యూనివర్సిటీలో జియాలజీ చదివాను. ఫీల్డ్ ట్రిప్ అంటే మాకు కడప వైపు రైలెక్కడం, ఎండలో సుత్తి పట్టుకుని నడవడం. గల్ఫ్‌కి వచ్చాక నన్ను ఆశ్చర్యపరిచింది రాళ్లు కాదు, ఇక్కడే పుట్టి పెరిగిన మన పిల్లలు. పాఠ్యపుస్తకాల్లో బొమ్మలుగా మేం చూసినవి వాళ్ల ఇంటికి గంటన్నర దూరంలో ఉన్నాయి. వాళ్లకా సంగతి ఎవరూ చెప్పలేదు. ప్లస్ టూ అయ్యేసరికి వాళ్ల ముందు రెండే బాటలు పరిచి ఉంటాయి: కంప్యూటర్లు, వైద్యం. మూడో బాట కాళ్ల కిందే ఉందని చూపించడానికి ఈ నాలుగు పేజీలు.

ఒక వాన, అయిదు ప్రశ్నలు

జాగ్రఫీ, జియాలజీ ఒకటే అనుకునేవాళ్లు చాలామంది. నిర్వచనాలు చెబితే రేపటికి మర్చిపోతావు. దాని బదులు నువ్వు చూసిన రోజునే తీసుకుందాం.

2024 ఏప్రిల్ 16. అల్ ఐన్ దగ్గర ఖత్మ్ అల్ షక్లాలో ఇరవై నాలుగు గంటలు తిరక్కుండానే 254.8 మిల్లీమీటర్ల వాన కురిసింది. ఈ దేశంలో లెక్కలు రాయడం మొదలైన 1949 నుంచీ అంత వాన లేదు. దుబాయ్ విమానాశ్రయం చెరువైంది. షార్జాలో అల్ మజాజ్, అల్ ఖాసిమియా వీధుల్లో రోజుల తరబడి నీళ్లు నిలిచాయి. మీ భవనం కింద పార్కింగ్‌లో ఎవరి కారైనా మునిగే ఉంటుంది.

ఆ రోజు వాట్సాప్ నిండా ఒకటే మాట: క్లౌడ్ సీడింగ్ వల్లే ఇదంతా అని. ఆ తుపాను సమయంలో సీడింగ్ విమానాలు ఎగరలేదని జాతీయ వాతావరణ కేంద్రం చెప్పింది. అదే వాతావరణ వ్యవస్థ ఒమాన్‌ని కూడా ముంచింది, భారీ వర్షం వస్తుందని ముందుగానే హెచ్చరికలూ ఉన్నాయి. అరేబియా సముద్రం మీది తేమ ఎంత, పై గాలులు ఎలా తిరిగాయి, వేడెక్కుతున్న సముద్రం ఆ వానను ఎంత పెంచింది అని లెక్క కట్టేవాళ్లది వాతావరణ శాస్త్రం.

పడిన నీరు ఇంకకుండా ఎందుకు నిలిచింది? తీరం వెంబడి సబ్ఖా ఉంది. ఉప్పు, జిప్సం పేరుకున్న చదును నేల. దాని కింద ఒకటి రెండు మీటర్లలోనే ఉప్పునీరు ఉంటుంది. అప్పటికే నిండిన కుండలో ఇంకో చెంబు పోస్తే ఏమవుతుందో అదే అయింది. నేల లోపలి సంగతి అడిగేవాళ్లది జియాలజీ, అందులోనూ నీటి లెక్క చూసేవాళ్లది హైడ్రోజియాలజీ.

ఏ వీధి మునిగింది, ఏ వీధి మునగలేదు, మునిగిన వీధుల్లో ఎవరుంటారు, అక్కడే ఇళ్లు ఎందుకు కట్టారు? మనిషికీ చోటుకీ ఉన్న ముడిని విప్పేవాళ్లది జాగ్రఫీ. ఉపగ్రహ చిత్రాలు పక్కపక్కన పెట్టి, మునిగిన ప్రతి ప్లాటునూ మ్యాపు మీదకు ఎక్కించేవాళ్లది రిమోట్ సెన్సింగ్, జీఐఎస్. ఇక రేపు ఏ పైపు ఎక్కడ వెయ్యాలి అన్నది ప్లానర్లు, ఇంజనీర్లు కలిసి తేల్చే పని. ఆ వాన తర్వాత రెండు నెలలకు దుబాయ్ 3,000 కోట్ల దిర్హాముల తస్రీఫ్ అనే వాననీటి పారుదల పథకం ప్రకటించింది. పూర్తవడానికి 2033 గడువు. ఇంజనీరు పైపు వేసేముందు పైన చెప్పిన నలుగురూ తమ జవాబులు ఇవ్వాలి.

ఇప్పుడు నిజాయితీగా ఆలోచించు. ఆ అయిదు ప్రశ్నల్లో ఏది చదువుతున్నప్పుడు నీకు ఇంకాస్త తెలుసుకోవాలనిపించింది? కోర్సు ఎంచుకోవడానికి నాకు తెలిసిన మంచి పరీక్ష ఇదే. జీతాల పట్టిక చూసి కోర్సు ఎంచుకున్నవాళ్లు రెండో సంవత్సరంలో స్ఫటికాల పేర్లు బట్టీ పట్టలేక కూలబడటం నేను చూశాను. ప్రశ్న పట్టుకుని వచ్చినవాళ్లు ఆ పేర్లను దారిలో వాటంతటవే నేర్చుకున్నారు.

నీ చుట్టూ ఉన్న ప్రయోగశాల

షార్జా నుంచి ఖోర్ ఫక్కాన్ వెళ్లే కొత్త రోడ్డులో సొరంగాలు దాటుతుంటే రెండు పక్కలా గోధుమ, నలుపు కలిసిన బోడి కొండలు కనిపిస్తాయి. గడ్డిపోచ ఉండదు. "ఏముంది ఇక్కడ?" అనిపిస్తుంది. అవి హజర్ పర్వతాలు. టెథిస్ అనే పాత మహాసముద్రపు అడుగు, దాని కింద ఉండే భూప్రావారంతో సహా, సుమారు తొమ్మిదిన్నర కోట్ల ఏళ్ల నాటి ముక్క ఒకటి అరేబియా అంచు మీదికి ఎక్కి కూర్చుంది. దీన్ని సెమైల్ ఓఫియోలైట్ అంటారు. ఒమాన్, యూఏఈల్లో వందల కిలోమీటర్లు పరుచుకున్న ఈ రాతిపట్టీ ప్రపంచంలో ఇలాంటి పెద్ద పట్టీల్లో ఒకటి. మామూలుగా సముద్రం కింద ఆరేడు కిలోమీటర్లు తొలిస్తేగానీ అందని పెరిడొటైట్ రాతిని నువ్వు కారు దిగి చేత్తో తాకవచ్చు.

ఆ రాయి ఇప్పుడు మరో పనికి వస్తోంది. కార్బన్ డయాక్సైడ్ కరిగిన నీరు పెరిడొటైట్‌లోకి వెళితే, ఆ వాయువు రాతితో కలిసి తెల్లటి ఖనిజంగా గడ్డకడుతుంది. ప్రకృతిలో నెమ్మదిగా జరిగే ఈ పనిని వేగం చేసే ప్రయోగాన్ని 2023లో ఫుజైరాలో అబూధాబి సంస్థలైన అడ్నాక్, మస్దర్‌లతో కలిసి ఒక ఒమాన్ కంపెనీ తలపెట్టింది. ఆ కంపెనీ పేరు 44.01. అది కార్బన్ డయాక్సైడ్ అణుభారం. కెమిస్ట్రీ పుస్తకంలో నువ్వు బట్టీ పట్టిన అంకె ఒక కంపెనీ బోర్డు మీద ఉంది.

రస్ అల్ ఖైమాలో జెబెల్ జైస్ వైపు కొండలు వేరు. అవి సున్నపురాతి పొరలు. అబూధాబి నేల కింద వేల మీటర్ల లోతులో చమురును పట్టి ఉంచిన థమామా సున్నపురాయికి అవి బయట కనిపించే చుట్టాలు. రిగ్గు మీద పనిచేసేవారికి ఆ రాయి చేతిలో పట్టేంత నమూనాగా దొరుకుతుంది. వాదీ బీహ్‌లో అదే కాలపు పొరలు గోడలా నిలబడి ఉంటాయి. చమురు కంపెనీల భూవిజ్ఞానులు అక్కడికి వచ్చి పగుళ్లు కొలుచుకుపోతుంటారు.

సబ్ఖా సంగతి ఇంకా విచిత్రం. 1960లలో లండన్ ఇంపీరియల్ కాలేజీ నుంచి గ్రాహం ఎవాన్స్, డగ్లస్ షియర్‌మన్ వంటి పరిశోధకులు అబూధాబి తీరంలో గుంటలు తవ్వి చూశారు. జిప్సం, అన్‌హైడ్రైట్, డోలమైట్ కళ్లముందే పుడుతున్నాయని రాశారు. ఆ తర్వాత ఎక్కడెక్కడి పాత రాళ్లకో అర్థం ఇక్కడి బురదలో దొరికింది. సబ్ఖా అనే అరబ్బీ మాట అప్పటి నుంచి ప్రపంచమంతటా జియాలజీ పుస్తకాల్లో స్థిరపడిపోయింది.

నీటి కథ లేకుండా ఈ దేశపు కథ పూర్తికాదు. అల్ ఐన్ ఒయాసిస్‌లో నడిచినప్పుడు కాళ్ల పక్కన పారే సన్నటి కాలువ ఫలజ్‌ది. కొండపాదం దగ్గర భూగర్భ జలాన్ని పట్టి, నేల కింది సొరంగంలో వాలుగా తెచ్చి, ఖర్జూర తోటకు పెట్టే పద్ధతి ఇది. అల్ ఐన్ దగ్గర హిలీలో తవ్వకాల్లో బయటపడిన ఫలజ్ సుమారు మూడు వేల ఏళ్ల నాటిది. అనంతపురం జిల్లా పెద్దలనడుగు, పెన్న, చిత్రావతి ఇసుకలో తవ్వే ఊటకాలువల గురించి చెబుతారు. ఎండిన నేలమీద బతికిన మనుషులు ఎక్కడున్నా ఇలాంటి ఉపాయమే పట్టారు. ఇప్పటి ఉపాయం లివాలో ఉంది. శుద్ధి చేసిన సముద్రపు నీటిని 27 నెలల పాటు ఇసుక కింది పొరల్లోకి ఇంకించి, 2.6 కోట్ల ఘనపు మీటర్లు దాచారు. 2018లో ప్రారంభించారు. అత్యవసరమైతే పది లక్షల మందికి 90 రోజులు సరిపోతుంది. ఆ నీరు అక్కడే ఆగుతుందా, పక్కకు జారిపోతుందా అని తేల్చి చెప్పినవాళ్లు హైడ్రోజియాలజిస్టులు.

ఎక్కడ చదవాలి

ముందు పదకొండో తరగతి మాట. వీలైతే గణితం, భౌతికశాస్త్రం, రసాయనశాస్త్రం తీసుకో. గల్ఫ్‌లోని సీబీఎస్‌ఈ బడుల్లో జాగ్రఫీ చాలాచోట్ల దొరకదు. దొరక్కపోయినా దిగులు పడకు, జియాలజీ దాదాపు అందరికీ డిగ్రీలోనే మొదలవుతుంది. లెక్కలు మాత్రం వదలకు. భూకంప తరంగాలైనా, నీటి ప్రవాహమైనా, ఉపగ్రహ చిత్రమైనా చివరికి లెక్కలోకే వస్తాయి. బ్రిటిష్ పాఠ్యక్రమంలో ఉన్నవాళ్లు ఏ-లెవెల్ జాగ్రఫీకి తోడు గణితం పెట్టుకుంటే ఏ తలుపూ మూసుకోదు.

యూఏఈలోనే ఉండాలనుకుంటే 1976లో అల్ ఐన్‌లో మొదలైన యూఏఈ యూనివర్సిటీలో భూవిజ్ఞానం, జాగ్రఫీ రెండూ ఉన్నాయి. ఎమిరేటీ విద్యార్థులే ఎక్కువ, బయటివారికీ ప్రవేశం ఉంటుంది. మూడు సంస్థలు కలిసి 2017లో ఇప్పటి రూపం తీసుకున్న అబూధాబి ఖలీఫా యూనివర్సిటీలో పెట్రోలియం ఇంజనీరింగ్‌తో పాటు భూమి, గ్రహాల శాస్త్రానికి ఒక విభాగం ఉంది. 1997లో స్థాపించిన షార్జా యూనివర్సిటీ పెట్రోలియం జియోసైన్స్‌ను రిమోట్ సెన్సింగ్‌తో కలిపి డిగ్రీగా చెబుతుంది. సోర్బాన్ అబూధాబిలో జాగ్రఫీ, నగర ప్రణాళిక వైపు కోర్సులున్నాయి. ఏ భాషలో చెబుతారో చేరేముందే కనుక్కో. ఫీజులు, అర్హతలు ఏటా మారతాయి. ఎవరో చెప్పిన మాట నమ్మకుండా యూనివర్సిటీకే నేరుగా ఈమెయిల్ రాసి అడుగు.

నా మనసు మాత్రం ఇండియా వైపే కొంచెం ఎక్కువ మొగ్గుతుంది. కారణం చెబుతాను. ఖరగ్‌పూర్, రూర్కీ, ధన్‌బాద్ ఐఐటీల్లో జియాలజీ, జియోఫిజిక్స్ కోర్సులు జేఈఈ అడ్వాన్స్‌డ్ ద్వారానే వస్తాయి. కంప్యూటర్ సైన్స్‌కు కావలసినంత పైర్యాంకు వీటికి అక్కర్లేదు. మొదటి మెట్టయిన జేఈఈ మెయిన్ యూఏఈలోనే రాయవచ్చు. అక్కడ సీటు రాకపోయినా బీఎస్సీ చేసి, ఐఐటీ జామ్ ప్రవేశ పరీక్షలో జియాలజీ పేపరుతో ఎమ్మెస్సీకి అదే ఐఐటీల్లోకి వెళ్లవచ్చు. విశాఖలో ఆంధ్రా యూనివర్సిటీ జియాలజీ విభాగం 1941 నాటిది. జియోఫిజిక్స్, వాతావరణం, సముద్రశాస్త్రం కూడా ఆ ప్రాంగణంలోనే ఉన్నాయి. హైదరాబాద్‌లో ఉస్మానియా ఉంది. ఆ ఊరి గొప్ప ఇంకోటుంది. 1961లో వచ్చిన జాతీయ భూభౌతిక పరిశోధన సంస్థ, ఉపగ్రహ చిత్రాల ఎన్ఆర్‌ఎస్‌సీ, సునామీ హెచ్చరికలిచ్చే ఇంకాయిస్, యురేనియం వెతికే అణు ఖనిజాల డైరెక్టరేట్, గనుల సంస్థ ఎన్‌ఎండీసీ, అన్నీ ఒక్క నగరంలోనే. వేసవి సెలవుల్లో ఇంటర్న్‌షిప్ కోసం ఉత్తరం రాయడానికి ఇంతకంటే మంచి ఊరు మన దేశంలో నాకు తెలియదు.

ఐరోపా, ఆస్ట్రేలియా వెళ్లగలిగినవాళ్లకు దారులు చాలా ఉన్నాయి. ఒక్కటే చెబుతాను. జర్మనీలో ఫ్రైబర్గ్ గనుల యూనివర్సిటీ 1765 నాటిది. ఆ రంగంలో అంత పాత పేరున్న చోటును ఒకసారి వెతికి చూడు.

"దీంతో ఉద్యోగం వస్తుందా?"

అమ్మానాన్నలు అడిగే ఈ ప్రశ్న న్యాయమైనది. కాబట్టి జవాబూ న్యాయంగానే ఉండాలి.

యూఏఈలో చమురు సంస్థల్లో, ప్రభుత్వ శాఖల్లో ముందు అవకాశం ఈ దేశ పౌరులకే. అది వాళ్ల హక్కు. పైగా చమురు ధరతో పాటే ఉద్యోగాలూ లేస్తాయి, పడతాయి. 2014 మధ్యలో వంద డాలర్లకు పైనున్న పీపా 2016 జనవరిలో ముప్ఫై కిందికి జారినప్పుడు అనుభవజ్ఞులైన భూవిజ్ఞానులే ఇంటిదారి పట్టారు. అందుకని చమురొక్కటే మనసులో పెట్టుకుని ఈ చదువులోకి రావద్దు.

ఆ పక్కనే ఉన్నవి చూడు. భవనం కట్టేముందు నేల పరీక్ష చేసే కంపెనీలు, పర్యావరణ ప్రభావ నివేదికలు రాసే కన్సల్టెన్సీలు, సర్వే, జీఐఎస్ సంస్థలు ఈ దేశంలో అన్ని దేశాలవాళ్లనూ తీసుకుంటాయి. నేల పరీక్ష చేసే ఇంజనీరింగ్ జియాలజీ అంటే ఏమిటో మీ నాన్న సైట్లో పనిచేస్తుంటే ఆయన్నే అడుగు. బోర్‌హోల్ రిపోర్టు ఆయన చూసే ఉంటారు. బుర్జ్ ఖలీఫా కింద 190కి పైగా పైళ్లు 50 మీటర్ల లోతు దాకా బలహీనమైన రాతిలోకి దిగి ఉన్నాయి. అక్కడి భూగర్భ జలం సముద్రపు నీటికంటే ఉప్పన, ఇనుమును తినేస్తుంది. ఆ నీటిని ముందుగా పరీక్షించి చెప్పినవాళ్లుండబట్టే కాంక్రీటుకు, ఉక్కుకు తగిన రక్షణ పెట్టగలిగారు. మనవాళ్లు ఎందరో ఈ ఎడారిలో భవనాలు లేపారు. వాళ్ల పిల్లలు ఆ భవనాల కింది నేలను చదవడం నాకు సహజమైన కొనసాగింపుగా కనిపిస్తుంది.

ఇండియాలో యూపీఎస్సీ కంబైన్డ్ జియో సైంటిస్ట్ పరీక్ష ఉంది. 1851 నాటి జియలాజికల్ సర్వేలో జియాలజిస్టు, కేంద్ర భూజల బోర్డులో హైడ్రోజియాలజిస్టు పోస్టులు దాని ద్వారానే నిండుతాయి. మాస్టర్స్ డిగ్రీ ఉండాలి. గేట్ పరీక్షలో జియాలజీ, జియోఫిజిక్స్‌కు ఒక పేపరు, 2022 నుంచి జియోమాటిక్స్‌కు మరో పేపరు ఉన్నాయి.

అమ్మాయిలున్న ఇళ్లలో ఇంకో మాట వినిపిస్తుంది: "కొండలూ గనులూ ఆడపిల్లకెందుకు?" సుదీప్త సేన్‌గుప్తా అనే బెంగాలీ భూవిజ్ఞాని 1983లోనే అంటార్కిటికా యాత్రకు వెళ్లి అక్కడి రాళ్లను చదివింది. భూగర్భ గనుల్లో సాంకేతిక ఉద్యోగాలకు మహిళల మీద ఉన్న నిషేధాన్ని మన దేశం 2019లో సడలించింది. ఫీల్డులో కష్టం ఉంది, ఎండా, దూరమూ, మరుగుదొడ్ల ఇబ్బందీ ఉన్నాయి. వాటి గురించి కూతురితో దాచకుండా మాట్లాడండి. మాట్లాడాక నిర్ణయం ఆమెకు వదలండి.

ఏ దారిలో వెళ్లినా రెండు చేతులూ పనిచేయాలి. ఒక చేతిలో సుత్తి, లెన్సు, ఇంకో చేతిలో కోడ్. రాయి గుర్తుపట్టలేని డేటా మనిషి తప్పు మ్యాపును అందంగా గీస్తాడు. కంప్యూటర్ రాని ఫీల్డు మనిషి సరైన మాటను ఎవరికీ చూపించలేడు. మ్యాపులు గీసే క్యూజీఐఎస్ ఉచితం. ల్యాండ్‌శాట్, సెంటినెల్ ఉపగ్రహ చిత్రాలు ఉచితం. ఈ రాత్రే గూగుల్ ఎర్త్‌లో పాత సంవత్సరాలకు వెనక్కి జరిపి జుమేరా తీరం చూడు. పామ్ దీవి ఎప్పుడు మొలిచిందో, దాని పక్క బీచ్ ఒడ్డు ఎటు జరిగిందో గీతలు గీసి కొలువు. ఎడారి నిండా ఇసుక ఉండగా ఆ దీవికి సముద్రం అడుగు నుంచే ఇసుక ఎందుకు తోడారో వెతుకు. కారణం ఇసుకరేణువు ఆకారంలో ఉంది.

తర్వాత శనివారం బయటికి వెళ్లు. షార్జాలో 2020లో తెరిచిన బుహైస్ జియాలజీ పార్కుతో మొదలుపెడితే మంచిది, రాయి పక్కనే వివరణ ఉంటుంది. శిలాజాలను పెకలించి తేవద్దు, ఇక్కడ వాటికి చట్టరక్షణ ఉంది. చెప్పు పక్కన పెట్టి ఫొటో తియ్యి, కొలత తెలుస్తుంది. వాదీ అంటే మన వాగే. పైన కొండమీద మబ్బు ఉంటే, నీ తలమీద ఎండ కాస్తున్నా, వాదీలోకి దిగకు. వరద నిమిషాల్లో వస్తుంది, వరదపారే వాదీలోకి వాహనం దింపితే భారీ జరిమానా కూడా.

ఒక గట్టి అట్ట నోటుబుక్కు, పెన్సిలు కొనుక్కో. మా మాస్టారు ఫీల్డులో సుత్తి ఎత్తనిచ్చేవారు కాదు, "ముందు బొమ్మ గియ్యండి, తర్వాత కొట్టండి" అనేవారు. బొమ్మ వంకరగా వచ్చినా ఫరవాలేదు. తేదీ, చోటు, ఉత్తరం ఎటో, పొరలు ఎటు వాలి ఉన్నాయో రాసుకో. చివరి పేజీ ఒకటి ఖాళీగా ఉంచి, అర్థంకానివన్నీ అక్కడ రాస్తూ పో. రెండేళ్ల తర్వాత యూనివర్సిటీ దరఖాస్తులో ఈ కోర్సు ఎందుకు అని అడిగిన గడి ముందు కూర్చున్నప్పుడు, ఆ పేజీ తీసి, ఇంకా జవాబు దొరకని ప్రశ్న ఒకటి ఎంచి రాయి.